పంచవటి, గోపల్ల గ్రామం, గొర్రెల మంద: ఒక్క రాత్రి మజిలీకి చోటు

పోయిన సంక్రాంతికి ముందు నరికుడి నుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు. "మామా, పిల్లలు అడవిలో ఒక్క రాత్రి పడుకోవాలని పట్టుబట్టారు. గుడారం కొనేశాను. చోటు మాత్రం నువ్వే చెప్పాలి" అన్నాడు. గుడారం కొనడానికి వాడికి పది నిమిషాలు పట్టిందట. చోటు చెప్పడానికి నాకు వారం పట్టింది.

నరికుడి విరుదునగర్ జిల్లాకు తూర్పు కొసన ఉంది. విరుదునగర్ నుంచి అరుప్పుకోట్టై, తిరుచుళి మీదుగా మానామదురై వెళ్ళే రైలుదారిలో చిన్న స్టేషను. ముందు వచ్చే తిరుచుళి 1879లో రమణ మహర్షి పుట్టిన ఊరు. తమిళంలో నరి అంటే నక్క, కుడి అంటే నివాసం. ఊరి పేరులోనే ఒక అడవి జంతువు కాపురం ఉంది, కానీ అక్కడి పిల్లలెవరూ ఆ నేలను అడవి అనరు. వాళ్ళ లెక్కలో అడవి అంటే జిల్లాకు అవతలి కొసన, శ్రీవిల్లిపుత్తూరు వెనక నీలంగా కనిపించే పడమటి కనుమలు. ఇంటి చుట్టూ ఉన్నది తాటిచెట్లు, సర్కారు తుమ్మ, ఎండిన చేలు, మనం చెరువు అనేదాన్ని వాళ్ళు కణ్మాయ్ అంటారు, ఆ కణ్మాయ్‌లు. అంతే. పెద్దవాళ్ళు కూడా అలాగే అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

చోటు ఎంచడం గురించి రాసిన పుస్తకాలు మనకు లేవా అని వెతికితే రెండు దొరికాయి. రెండూ అందరూ చదివినవే, కానీ ఈ కన్నుతో నేను ఎన్నడూ చదవలేదు. ఒకటి వాల్మీకి అరణ్యకాండలో పంచవటి ఘట్టం. రెండోది కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ గ్రామంలో పుట్టిన తెలుగింటి రచయిత కి. రాజనారాయణన్ 1976లో తమిళంలో వెలువరించిన 'గోపల్ల గ్రామం'. కి.రా. మరో నవల 'గోపల్లపురత్తు మక్కళ్' 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకుంది. ఆయన 2021 మే 17న కన్నుమూశారు. ఆ రెండు గ్రంథాలనూ పక్కపక్కన పెట్టి చదివాక, ఆయనే రాసిన మూడో రచన ఒకటి అడ్డొచ్చింది. ఆ సంగతి తర్వాత.

పంచవటి ఘట్టం చిన్నది. అగస్త్యుడు రెండు యోజనాల దూరంలో ఫలాలు, నీళ్ళు, లేళ్ళు ఉన్న చోటు ఉందని చెబుతాడు. అక్కడికి చేరాక రాముడు లక్ష్మణుణ్ణి పిలిచి, సీతకూ నీకూ నాకూ సుఖంగా ఉండేలా, నీళ్ళు దగ్గరగా ఉండేలా, సమిధలూ పూలూ దర్భలూ అందుబాటులో ఉండేలా ఒక చోటు చూడమంటాడు. లక్ష్మణుడు ఒప్పుకోడు. చోటు నువ్వు చూపించు, ఇక్కడ కట్టమని చెప్పు, కడతాను అంటాడు. రాముడు సంతోషించి, తమ్ముడి చెయ్యి పట్టుకుని నడిచి, ఒక చదునైన నేల చూపిస్తాడు. పూలచెట్లున్నాయి, తామరకొలను దగ్గర్లో ఉంది, గోదావరి మరీ దూరమూ కాదు, మరీ దగ్గరా కాదు, ఆ నది ఒడ్డు జింకల మందల తొక్కిడితో నిండి ఉంది, చుట్టూ గుహలున్న కొండలు, నెమళ్ళ కేకలు.

ఆ ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. మరీ దూరమూ కాదు, మరీ దగ్గరా కాదు. ఇవాళ అమెరికా అడవుల్లో బస చేసేవాళ్ళకు నేర్పే నియమం నీటికి 200 అడుగుల ఎడంలో గుడారం వేయమని. కారణం అదే: నీళ్ళ ఒడ్డు మన ఒక్కరిదీ కాదు, రాత్రి అక్కడికి జంతువులు దిగుతాయి, మన మురికి నీళ్ళలోకి పోకూడదు. వాల్మీకి ఆ దూరాన్ని అడుగుల్లో చెప్పలేదు, కానీ నదిని వర్ణించిన మరుక్షణమే జింకల మందల్ని కూడా చూపించాడు. నీటికి ఎడంగా ఉండమనడమూ, నీళ్ళకు వచ్చే ప్రాణుల్ని చూపించడమూ ఒకే ఊపిరిలో జరిగాయి. ఇది కవి ప్రకృతి వర్ణన కోసం చేసిన పని అని మన వ్యాఖ్యానాల్లో చదువుతూ వచ్చాను. నాకిప్పుడు అలా అనిపించడం లేదు. అది అడవిలో పడుకున్నవాడి మాట.

లక్ష్మణుడి నిర్మాణం కూడా అంతే. నేల చదును చేస్తాడు, మట్టితో గోడ పెడతాడు, పొడవాటి వెదురు నిలబెడతాడు, జమ్మి కొమ్మలు పరిచి పైన దర్భ కప్పుతాడు. చేతిలో ఉన్న ఆయుధం తప్ప బయటినుంచి తెచ్చింది ఏమీ లేదు. ఆ నేల ఇచ్చినదానితోనే ఇల్లు.

కానీ ఈ ఘట్టంలో రెండు లోపాలున్నాయి. విమర్శకుడిగా వాటిని దాచలేను.

మొదటిది. సీత సుఖంగా ఉండాలి అంటాడు రాముడు. సీతను మాత్రం అడగడు. చోటు గురించిన సంభాషణ అంతా అన్నదమ్ముల మధ్యే నడుస్తుంది. ఇది పాతకాలపు మర్యాద అని కొట్టిపారేయవచ్చు, కానీ అడవిలో చోటు విషయంలో ఇది చాలా పెద్ద ఖాళీ. ఇవాళ కుటుంబంతో రాత్రి బసకు వెళ్ళే ఏ గుంపులోనైనా చూడండి, చోటు మగవాళ్ళు ఎంచుతారు. దృశ్యం బాగున్న గుట్ట ఎక్కి ఇక్కడే అంటారు. చీకటి పడ్డాక ఆడవాళ్ళు చాటుకు ఎక్కడికి వెళ్ళాలి, ఎంత దూరం, వెలుతురేది, తోడెవరు అన్న ప్రశ్న అప్పుడు లేస్తుంది. అప్పటికి గుడారం మేకులు దిగిపోయి ఉంటాయి.

రెండోది ఇంకా లోతైనది. నీళ్ళు, పూలు, సమిధలు, చదును నేల, కొండల అందం అన్నీ చూసి ఎంచిన ఆ వర్ణనలో, పక్కనే జనస్థానంలో ఖరుడూ అతని పద్నాలుగు వేలమందీ ఉన్నారన్న మాట రాదు. రాక్షసులున్నారని రాముడికి తెలుసు, మునులకు మాటిచ్చాడు కూడా. అయినా ఆ చోటును ఎంచేటప్పుడు వాళ్ళు లెక్కలోకి రారు. తర్వాతి సర్గలో హేమంత వర్ణన, ఆ తర్వాతి సర్గలో శూర్పణఖ. అంత అందంగా కుదిరిన చోటు మీద కథ అంతా విరిగి పడింది. పర్ణశాల భద్రాచలం దగ్గరిదని మనమంటాం, నాసిక్ దగ్గరిదని మరాఠీవాళ్ళంటారు. ఎక్కడిదైనా, ఆ చోటు మనకేమిస్తుంది అని అడిగారు, మనకన్నా ముందు ఇక్కడ ఎవరున్నారు అని అడగలేదు.

ఇప్పుడు కి.రా. నవల.

తెలుగు నేల నుంచి దక్షిణానికి వలస వచ్చిన కుటుంబాల జ్ఞాపకాన్ని ఆయన ఒక వృద్ధురాలి నోట చెప్పిస్తాడు. ఆమె మంగత్తాయారు అమ్మాళ్, వయసు నూటముప్పై దాటింది. చెన్నాదేవి అనే అందమైన పిల్లను ఒక రాజు తీసుకుపోవాలని చూస్తే, బంధువులంతా రాత్రికి రాత్రి ఇళ్ళు వదిలి పారిపోతారు. వెనక గుర్రాలు, ముందు నది. ఒడ్డున ఉన్న చెట్టు వంగి వాళ్ళను దాటిస్తుంది. తర్వాత నడక, అడవులు, ఆకలి, చావులు. చివరికి మనుషులు లేని దట్టమైన ముళ్ళ అడవి దగ్గర ఆగుతారు. ఆ నల్లరేగడి నేలను, తమిళంలో కరిసల్, కొత్త ఊరుగా చేసుకుంటారు.

వాల్మీకి చోటును ఒక యజమాని ఎంచాడు. కి.రా. చోటును ఎవరూ ఎంచలేదు. అలసట ఎంచింది, భయం ఎంచింది, వెనక్కి పోలేకపోవడం ఎంచింది. అందుకే అందులో తామరకొలను లేదు, నెమలి కేక లేదు. నేల పండుతుందా లేదా అన్న రైతు చూపు ఒక్కటే ఉంది. దీన్ని కొరతగా చూసేవాళ్ళుంటారు. నాకది ఈ నవలలోని పెద్ద సత్యం. కాళ్ళు బొబ్బలెక్కి వచ్చినవాళ్ళకు అందం తర్వాతి ఏడాది గుర్తొస్తుంది.

ఇంకొక తేడా నాకు ముఖ్యం. పంచవటిలో సీత నోరు విప్పదు. గోపల్లంలో చోటు గురించిన జ్ఞాపకమంతా ఒక ఆడదాని నోటిదే. ఎక్కడ ఆగారు, ఎక్కడ ఎవరు పోయారు, ఎక్కడ ఏ దేవత కాపాడింది, అన్నీ అవ్వ చెప్పినవే. మా కోవిల్‌పట్టి, సాత్తూరు వైపు తెలుగిళ్ళలో ఇది ఇప్పటికీ నిజం. మగవాళ్ళకు పొలం సర్వే నంబర్లు తెలుస్తాయి, అవ్వలకు దారిలోని బావులు తెలుస్తాయి.

ఆ నవల మొదట్లోనే ఒక హత్య ఉంది. ఒంటరిగా నడిచి వెళుతున్న గర్భిణి దాహానికి నీళ్ళ దగ్గరికి దిగుతుంది. చెవి నగల కోసం దొంగ అక్కడే మీద పడతాడు. ఆమె చనిపోతూ కూడా అతని కాలి వేలిని పళ్ళతో పట్టి వదలదు. ఈ దృశ్యాన్ని చాలామంది న్యాయం కోణంలో చర్చించారు. నాకు ఆ నీళ్ళ ఒడ్డు కనిపిస్తుంది. కరువు నేలలో ప్రతి ప్రాణీ నీటికే వస్తుంది, దొంగకు అది తెలుసు, మాటు వేయడానికి అదే సరైన చోటు. వాల్మీకి మరీ దగ్గర కాదు అన్నమాటను కి.రా. ఒక శవంతో చెప్పాడు.

ఇక నిప్పు. వలస వచ్చినవాళ్ళు ఆ అడవికి నిప్పు పెట్టి నేల సంపాదిస్తారు. కి.రా.కు తన వాళ్ళంటే ఎంత ప్రేమో పుస్తకమంతా తెలుస్తుంది, అయినా ఆ మంటను కప్పిపెట్టలేదు. ముందున్నవాళ్ళెవరు అన్న ప్రశ్నకు ఆ నవల ఇచ్చిన జవాబు అదే: ముందు జంతువులున్నాయి, వాటిని కాల్చి మేము వచ్చాం. పంచవటి ఆ ప్రశ్నను అడగలేదు. గోపల్లం అడిగింది, నిప్పుతో జవాబు చెప్పింది. రెండింటిలోనూ నిజాయతీ గోపల్లానిది, మర్యాద మాత్రం ఎక్కడా లేదు.

ఆ పుస్తకాలు మూసి మేనల్లుడికి ఫోను చేశాను. "పడమటి కొండలకు వద్దురా" అన్నాను. వాడికి నచ్చలేదు.

ఎందుకు వద్దన్నానో చెప్పాలి. శ్రీవిల్లిపుత్తూరు కొండలు మామూలు అడవి కాదు. బూడిదరంగు పెద్ద ఉడుత కోసం 1988లో అభయారణ్యం అయింది. 2021లో మేగమలైతో కలిపి పులుల అభయారణ్యం చేశారు, వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అనుమతి లేకుండా రాత్రి అక్కడ ఉండడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఏనుగులు దిగే దారులున్నాయి. అక్కడ ముందున్నవాళ్ళెవరు అన్న ప్రశ్నకు జవాబు స్పష్టంగా ఉంది, గెజెట్టులో కూడా ఉంది. పగటి నడకకైతే ఇప్పుడు మంచి దారి ఉంది. తమిళనాడు ప్రభుత్వం 2024లో రాష్ట్రమంతటా 40 దారుల్లో మార్గదర్శితో నడిచే ఏర్పాటు చేసింది, ముందుగా నమోదు చేసుకోవాలి. పిల్లలతో షెన్బగత్తోప్పు వైపు పగలంతా తిరిగి రావచ్చు. రాత్రి మాత్రం ఆ కొండది.

నీరు, నిప్పు, రెండూ అక్కడ మనిషికన్నా వేగంగా వస్తాయి. 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి దగ్గర కొండ దిగుతున్న గుంపును ఎండుగడ్డి మంట చుట్టేసింది. 20 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది నగరాల నుంచి వచ్చిన యువతీయువకులు, చాలామంది ఆడపిల్లలు. మార్చిలో ఆ వాలు గడ్డి ఎలా ఎండి ఉంటుందో, గాలి మంటను పైకి ఎలా ఈడుస్తుందో తెలిసినవాళ్ళు ఆ దారిని ఎంచరు. 2015 మే నెలలో చతురగిరి కొండమీది గుడికి వెళ్ళిన భక్తులు వాగులో వరద వచ్చి కొట్టుకుపోయారు. ఇవి మా జిల్లా కొండలూ, పక్క జిల్లా కొండలూనే. ఇవి రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి బరువెక్కుతుంది.

నేను కూడా తప్పు చేసినవాణ్ణే. ఇరవై ఏళ్ళ కిందట, వానలు పడే ఐప్పసి మాసంలో, కొండ పాదంలో తెలిసినవాళ్ళ మామిడితోటలో నలుగురం బస చేశాం. తోట ఎగుడుదిగుడుగా ఉందని, పక్కన ఎండిన వాగులో ఇసుక మెత్తగా, చదునుగా ఉందని అక్కడ పక్క పరిచాం. చదును నేల, రాముడు ఎంచినట్టే. రాత్రి మా మీద ఒక్క చుక్క వాన పడలేదు. పైన ఎక్కడో కొండమీద పడింది. రెండు గంటల వేళ రాళ్ళు దొర్లే చప్పుడుకి లేచి పరుగెత్తాం, పక్కలూ గిన్నెలూ పోయాయి. వాగు ఎందుకు చదునుగా ఉంటుంది, ఇసుక ఎందుకు మెత్తగా ఉంటుంది అని ముందు ఆలోచించలేదు. నీరు ఆ మంచాన్ని తన కోసం పరుచుకుంది.

అంతటి అనుభవం ఉండి కూడా, కొండలు కాకపోతే ఇంకెక్కడ అన్న ప్రశ్నకు నాకు జవాబు తట్టలేదు. అప్పుడు గుర్తొచ్చింది కి.రా. రాసిన మూడో రచన, 'కిడై' అనే నవలిక. దాన్నే ఆధారం చేసుకుని అంశన్ కుమార్ 'ఒరుత్తి' సినిమా తీశారు. కిడై అంటే గొర్రెల మంద రాత్రి పడుకునే చోటు. కోత అయిపోయిన చేలో రైతు గొర్రెలవాళ్ళను పిలిచి మంద పెట్టించుకుంటాడు. పెంట, మూత్రం చేనుకు ఎరువు. దానికి గొర్రెలవాళ్ళకు ధాన్యమో డబ్బో ఇస్తాడు. ఒకటి రెండు రాత్రులు, తర్వాత మంద పక్క చేనుకు, పక్క ఊరికి. రాయలసీమలోనూ, తెలంగాణలోనూ ఇదే ఆచారం ఉంది, మందపెట్టడం అంటాం.

నవలికలో కథ మనుషుల మధ్య నడుస్తుంది. మంద పైరులో పడడం, దాని వెనక ఒక ప్రేమ బయటపడడం, ఊరి విచారణ, కింది కులం పిల్ల చేవని మీద పడే బరువు. కిడై అంటే సుఖమైన పల్లె దృశ్యం కాదని, ఆ మంద చుట్టూ కులమూ కంచెలూ ఉన్నాయని కి.రా. గట్టిగా చెప్పాడు. ఆ విమర్శను పక్కన పెట్టి మందను పొగడడం నాకిష్టం లేదు. కానీ మజిలీ అనే ఒక్క కోణంలో చూస్తే, పంచవటికీ గోపల్లానికీ లేని గుణం కిడైకి ఉంది. చోటు ఒకరు ఒంటరిగా ఎంచరు. నేల ఉన్నవాడు పిలుస్తాడు, వచ్చినవాడు ఆ చేలో ఏ మూల అన్నది ఎంచుతాడు. ఉండడం కొద్ది రోజులే అని ఇద్దరికీ తెలుసు. వెళ్ళేటప్పుడు ఆ నేల వచ్చినప్పటికన్నా బలంగా ఉంటుంది. వాళ్ళను మళ్ళీ పిలుస్తారు.

పంచవటి పదేపదే చదివినా ఇది తట్టదు, ఎందుకంటే అక్కడ నేలకు యజమాని లేడని వచ్చినవాళ్ళ నమ్మకం. గోపల్లంలో నేల యజమాని అవ్వడమే ప్రయాణం గమ్యం. మూడోదానిలో నేల ఇంకొకరిదని తెలిసే పడుకుంటారు.

అలా మేము కొండలకు పోలేదు. జనవరి నెలాఖరులో నరికుడికి కొద్ది దూరంలో ఒక కోత కోసిన చేలో మంద దిగిందని తెలిసింది. చేను రైతును అడిగాం, గొర్రెలవాళ్ళను అడిగాం. ఎవరూ కాదనలేదు. మంద పెద్ద, డెబ్బై దాటిన మనిషి. మేనల్లుడు అయ్యా అని పిలిచి, గుడారం ఎక్కడ వేయమంటారని అడిగితే, ఆయన ముందు కణ్మాయ్ చూపించి, "అక్కడ కాదు, తంబీ" అన్నాడు. తర్వాత చేనంతా తిరిగాడు. నేల ఎటు వాలిందో చూశాడు. నల్లరేగడి వాన తడిస్తే జిగురై కాలు కూరుకుపోతుంది, ఎండితే బెత్తెడు వెడల్పున పగులుతుంది, ఆ పగుళ్ళలో తేళ్ళూ పాములూ దాక్కుంటాయి. అందుకని చేను అంచున కాస్త మెరకగా, ఎర్రమట్టి కలిసిన చోటు చూపించాడు. నీళ్ళకు వంద అడుగులకు పైనే ఉంటుంది. మరీ దూరమూ కాదు, మరీ దగ్గరా కాదు. ఆయన వాల్మీకిని చదివి ఉంటాడని నేననుకోను. ఇద్దరూ ఒకే మాటకు చేరారు, అంతే.

జనవరిలో గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. గుడారం వాకిలి నైరుతికి తిప్పించాడు. తాటిచెట్టు కింద వద్దన్నాడు, ఎండు మట్టలు రాత్రి గాలికి రాలతాయి. సర్కారు తుమ్మ కింద అసలే వద్దన్నాడు. అమెరికా ఖండాల నుంచి తెచ్చి నాటిన ఆ చెట్టు ఈ జిల్లాలో ఎంతగా కమ్ముకుందంటే, 2017లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం దాన్ని పీకేయమని ఆదేశించింది. దాని కింద నేల శుభ్రంగా, నీడగా కనిపిస్తుంది. ముల్లు మాత్రం చెప్పు అడుగును దాటి దిగుతుంది, గుడారం అడుగును లెక్కచేయదు.

గొర్రెలవాళ్ళు నేలమీద పడుకోరు. నులకమంచాలు వాళ్ళతోపాటే తిరుగుతాయి. కట్లపాము కారణం. అది రాత్రి తిరుగుతుంది, వెచ్చదనానికి పక్కలోకి చేరుతుంది, కరిచినట్టు కూడా ఒక్కోసారి తెలియదు, నొప్పి ఉండదు. ఆ ప్రాంతంలో చిన్నపింజర, రక్తపింజర, నాగుపాము కూడా ఉన్నాయి. కాబట్టి మేము తెచ్చిన గుడారం అడుగు కుట్టేసినదేనా, జిప్పు పూర్తిగా మూసుకుంటుందా అని ఆయన చేత్తో తడిమి చూశాడు. పిల్లలకు లేచినప్పుడల్లా టార్చి వేసి, చెప్పులు దులిపి తొడుక్కోమని నేర్పాడు. అన్నిటికన్నా ముఖ్యంగా, దగ్గరి ప్రభుత్వాసుపత్రి ఎంత దూరమో, బండి ఎక్కడ ఆపామో, దాని ముక్కు ఎటు తిరిగి ఉందో అడిగాడు. నాకు ఏ పుస్తకంలోనూ ఈ ప్రశ్న కనిపించలేదు.

ఇంకొక చోటు కూడా చూశాం, చెప్పకుండా ఉండలేను. కణ్మాయ్ కట్ట కొసన అయ్యనార్ గుడి, మట్టి గుర్రాలు, చుట్టూ వేపలూ చింతలూ గుబురుగా. మా మేనకోడలు ఇదే బాగుంది అంది, నిజమే. నీడ, నీరు, మెరక, గాలి అన్నీ కలిసిన చోటు ఊరికి అదొక్కటే. ఊళ్ళో ముందుతరాలవాళ్ళు ఆ చోటును ఎప్పుడో కనిపెట్టి, ఎవరూ ఆక్రమించకుండా దేవుడికి ఇచ్చేశారు. రాత్రి అయ్యనార్ గుర్రమెక్కి పొలిమేర తిరుగుతాడని ఊరి నమ్మకం. మేము చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి దండం పెట్టుకుని వచ్చేశాం. పడుకోవడానికి కాదు ఆ తోపు.

రాత్రి పది దాటాక చలి మొదలైంది. వల కంచెలో మూడు వందల గొర్రెలు ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్నాయి. కుక్కలు మా గుడారం చుట్టూ కూడా ఒక వలయం తిరిగి వెళ్ళాయి, మమ్మల్ని కూడా మందలో కలుపుకున్నట్టు. అర్ధరాత్రి దాటాక తుమ్మచెట్ల వైపు నుంచి ఒక కూత, దానికి దూరంగా ఇంకో కూత. నక్కలు. మా చిన్నది నిద్రలోంచి లేచి నన్ను పట్టుకుంది, తర్వాత భయం పోయి, "నరికుడి నరి" అంది. ఆ రెండు మాటలు కలిపి వినడం ఆ పిల్లకు అదే మొదలు. అడవి జిల్లాకు అవతలి కొసన మాత్రమే లేదని నాకూ ఆ రాత్రే తెలిసింది. అక్కడి నక్కకు అది అడవే.

మంట వేయలేదు. మంద పెద్ద వద్దన్నాడు, పొగకు గొర్రెలు బెదురుతాయట, ఎండు చెత్త ఎగిరితే పక్క చేను అంటుకుంటుందట. స్టవ్ మీద టీ కాచుకున్నాం. తెల్లారి మేము చెత్త అంతా మూట కట్టుకుని వచ్చాం. గొర్రెలు వదిలిందేదో చేనులోనే ఉంది.

పక్కపక్కన పెట్టి చూస్తే తీర్పు ఇది. చోటు అందాన్ని, నీటి దూరాన్ని, నేల చదునును చూడడంలో వాల్మీకిని మించినవాళ్ళు లేరు, ఆ ఘట్టాన్ని ప్రకృతి వర్ణనగా కాక మజిలీ పాఠంగా చదవాలి. చోటుకు వెల ఎంతో, దాన్ని ఎవరు చెల్లించారో చెప్పడంలో కి.రా. 'గోపల్ల గ్రామం' గొప్పది. కానీ ఒక్క రాత్రి కోసం, పిల్లలతో, ఇంకొకరి నేల మీదికి వెళ్ళేవాళ్ళకు దారి చూపించేది కిడై. పంచవటిలో నివసించడానికి వెళ్ళారు, గోపల్లంలో పాతుకుపోవడానికి వెళ్ళారు. మనం వెళ్ళేది వెళ్ళిపోవడానికే.

విరుదునగర్, కోవిల్‌పట్టి, రాజపాళయం వైపు ఉన్న మన తెలుగు కుటుంబాలకు ఒక మాట. ఈ సెలవుల్లో పిల్లల్ని అడవికి తీసుకెళ్ళాలనుకుంటే పగలు కొండకు అనుమతితో వెళ్ళండి, రాత్రి మీ ఊరి చేలోకి రండి. పెద్ద వానలు పోయి కణ్మాయ్‌లు నిండి ఉండే జనవరి, ఫిబ్రవరి నెలలు మంచివి. గడ్డి ఎండాక వద్దు. రైతును అడగండి, మందవాళ్ళను అడగండి, ఇంట్లో ఆడవాళ్ళను అందరికన్నా ముందు అడగండి. ఇంకా ఉన్న అవ్వల్ని కూర్చోబెట్టి, వాళ్ళ చిన్నప్పుడు బండి ప్రయాణాల్లో రాత్రిళ్ళు ఎక్కడెక్కడ ఆగేవాళ్ళో అడిగి, ఆ పేర్లు రాసి పెట్టండి.

మా అవ్వ చెప్పినవాటిలో నాకు నాలుగు పేర్లే గుర్తున్నాయి.